ఎదురుకాళ్ళ మంగళ

1 జూన్ 1986, ఆదివారం

ఈ శతాబ్దం అయిపోవడానికి ఇంకా పద్నాలుగేళ్ళే ఉన్నాయి. ఈ ముక్క ముందు రాసి పెట్టుకోవాలి. ఎందుకంటే ఇవాళ పొద్దున ఈ ఒంటిగదుల మేడలో, మా చాల్ వరండాలో చూసింది ఏ శతాబ్దానిదో నాకు అర్థం కావడం లేదు.

కార్మికుల మీటింగ్ రద్దయి ఇంట్లో ఉండిపోయాను. ఆదివారాలు నేను ఇంట్లో ఉండను కనుక ఇది ఇంత దూరం వచ్చిందని తెలియలేదు. ఇదివరకు ఎప్పుడో ఒకరు వచ్చేవారు. ఇవాళ మెట్ల దాకా వరస! అందరూ నాకా మీద, కూలీల అడ్డాలో, పనికి నిలబడే పాలమూరు కూలీలు. ఒక్కొక్కడూ వచ్చి చాప మీద బోర్లా పడుకుంటాడు. నా ఇంట్లోనే ఉండే నా చెల్లెలు లక్ష్మవ్వ పక్కన నిలబడి "అంగీ మీదికి జరుపు, మెసలకు" అంటుంది. నా మేనకోడలు మంగళ, కాలేజీలో పదకొండో క్లాసు చదివే పిల్ల, ఎడమ కాలితో వాడి నడుము మీద మూడుసార్లు తంతుంది. తన్నించుకున్నవాడు లేచి, కొబ్బరికాయ పెట్టి, తన్నిన పిల్లకే దండం పెట్టి పోతాడు!

ఎందుకయ్యా అంటే, పిల్ల ఎదురుకాళ్ళతో పుట్టింది. తల ముందు రావలసిన చోట కాళ్ళు ముందు వచ్చినవాళ్ళు తంతే పట్టేసిన నడుము విడుస్తుందట.

"సిగ్గు లేదా లక్ష్మీ?" అన్నాను అందరి ముందే.

"సిగ్గెందుకన్నా? దొంగతనం జేస్తున్నమా? పొద్దుగూకులు ఇటుకలు మోసేటోనికి నడుము పట్టదా? నువ్వు కాగితాలు మోస్తవు, నీకేం ఎరుక!"

వరసలో అందరూ నవ్వారు. యాదయ్య అనే ఒకడు మరీ ఎక్కువ నవ్వాడు. పళ్ళన్నీ కనబడేలా, కోపం రానివ్వని నవ్వు. నాకు వచ్చింది.

3 జూన్

పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో, ఉండే రాజమల్లు బ్యాంకులో చప్రాసీ. ఇంగ్లీషు పేపరు చంకలో పెట్టుకుని తిరుగుతాడు, చదవగా చూసినవాళ్ళు లేరు. కుళాయి దగ్గర నన్ను ఆపి, "జూసినవా శంకరన్నా, గందుకే దొరలు చంద్రుని మీదికి పోయిండ్రు. మనం నడుముల మీద తన్నుకుంటున్నం" అన్నాడు.

ఈ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మా వాళ్ళ మూఢత్వం మీద నాకున్న కోపం ఒకటి. దొరకు అసలు మూఢత్వమే లేదనే బానిసబుద్ధి మీద నాకున్న కోపం అంతకు రెండింతలు. కరపత్రం రాస్తాను. ఇద్దరికీ కలిపి ఒకే చెంపదెబ్బ.

నేను ప్రూఫులు దిద్దే ప్రెస్‌లో మధ్యాహ్నం పెద్ద డిక్షనరీ తెరిచి కూర్చున్నాను. దొరల భాషలో ఒంటి దిక్కుల సంగతి చూడండి! కుడికి వాడు పెట్టుకున్న పేరూ, ఒప్పుకు పెట్టుకున్న పేరూ ఒకటే, రైట్. ఎడమకు లెఫ్ట్. ఆ మాట పాత ఇంగ్లీషులో బలం లేనిది, పనికిరానిది అనే అర్థంలోంచి పుట్టిందట. పొద్దున చిరాగ్గా లేచినవాణ్ణి "మంచానికి తప్పు పక్కనుంచి దిగావా" అని అడుగుతారు. మంచానికి తప్పు పక్క! దీన్ని ఏ సైన్సు కింద లెక్కవేస్తావు రాజమల్లూ?

"అప్‌సైడ్ డౌన్" అసలు "అప్ సో డౌన్" అట. నోళ్ళలో నలిగి సైడ్ అయింది. అన్నిటికంటే నన్ను దిమ్మెరపోయేలా చేసింది "హెడ్ ఓవర్ హీల్స్". పల్టీ కొట్టడానికి ఆ మాట. తల మడమల పైన ఉండటం. అదేం పల్టీ? నేను ఫోరస్ రోడ్డు మీద రోజూ నిలబడేది అలాగే! చూస్తే, అసలు మాట "హీల్స్ ఓవర్ హెడ్". మడమలు తల మీద. అదీ పల్టీ అంటే. ఎప్పుడో ఎవడో తిరగేశాడు. జనం ఆ తిరగేసిందాన్నే పట్టుకున్నారు. వందల ఏళ్ళుగా తప్పు నిలబడి ఉంది, దిద్దినవాడు లేడు. ప్రూఫ్ రీడర్‌గా నా ఒళ్ళు మండిపోయింది.

8 జూన్, ఆదివారం

నమ్మలేకపోతున్నాను. చంద్రమండలం రాజమల్లు!

అతని చెల్లెలికి మొన్న కొడుకు పుట్టాడు. పేగు మెడలో వేసుకుని పుట్టాడట. అలా పుడితే మేనమామకు గండమట, మేనమామ పిల్లవాడి ముఖం ముందు నూనెలో చూడాలట. ఇవాళ పొద్దున వరండాలో ఇత్తడి గిన్నె నిండా నూనె. రాజమల్లు పీట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, గిన్నె మీదికి వంగి అప్పుడు తెరిచాడు. బిడ్డను పైన పట్టుకున్నారు. నూనెలో చూసి, ఆ తరువాత బిడ్డను చూశాడు.

"ఏమయ్యా, నీ దొరలు చంద్రుడి మీదికి నూనె గిన్నె పట్టుకుపోయారా?" అని అరిచాను.

"ఊకోయే అన్నా. చెల్లె పానం కొట్టుకుంటది. నూనెల జూస్తే నా సొమ్మేం బోయింది?"

నేను ఇంకా చాలా అనేవాణ్ణి. లక్ష్మవ్వ వచ్చి నా చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. "నువ్వటు జూడకే అన్నా, లోపటికి రా." ముఖం పాలిపోయి ఉంది. నా మాటలకు నలుగురిలో గొడవ అవుతుందని భయం దానికి. నా నోరు చూసి భయపడనివాళ్ళు మా ఇంట్లో లేరు.

11 జూన్

వాన మొదలైంది. కరెంటు లేదు. మంగళ గడప దగ్గర కూర్చుని చదువుకుంటూ అడిగింది:

"మామా, ఇంగ్లీషుల నా లాంటోళ్ళను ఏమంటరు? కాళ్ళతోని పుట్టినోళ్ళను?"

ఎంత సంతోషమైందో! చెప్పాను. డాక్టర్ల మాట వేరు, మామూలు మాటల్లో "ఫీట్ ఫస్ట్". అయితే ఇంగ్లీషువాడు "నేను ఈ ఇంట్లోంచి ఫీట్ ఫస్ట్‌గానే పోతాను" అన్నాడంటే, శవమై పాడె మీదే పోతానని అర్థం. కాళ్ళు ముందు పెట్టి మోసుకుపోతారు కనుక. వచ్చే బిడ్డకూ పోయే పీనుగకూ ఒకే మాట చాలిపోతుంది వాడికి, చూశావా ఆ భాష పిసినారితనం, అని నవ్వాను.

"హో కా?" అన్నది మరాఠీలో, అవునా అన్నట్టు. పుస్తకం మూసేసింది.

శ్రద్ధగా విన్నది. ఈ తరం మీద నాకు నమ్మకం ఉంది.

19 జూన్

ప్రెస్‌లో అచ్చుకు కట్టిన ఫారం, మొత్తం సీసపు అక్షరాలు, కంపోజిటర్ రాలేదని నేనే ఎత్తబోయాను. నడుములో ఏదో తెగినట్టయింది. ఇద్దరు పట్టుకుని ఇంటికి తెచ్చారు.

20 జూన్

కదలలేను. దగ్గినా ప్రాణం పోతోంది. లేపనం రాస్తున్నారు. వేడినీళ్ళ సంచీ.

22 జూన్, ఆదివారం

ఇవాళ ఏమీ రాయడం లేదు.

23 జూన్

తగ్గింది. విశ్రాంతి, వేడి, లేపనం. నడిచి కుళాయి దాకా వెళ్ళి వచ్చాను.

24 జూన్

ఫోరస్ రోడ్డు మీద ఛాయ్ దుకాణం. నేను గ్లాసు ఎత్తానో లేదో, రోడ్డుకు అటువైపు నుంచి కేక:

"అన్నా! మంచిగ నడుస్తున్నవే! మంగళమ్మ కాలు నీక్కూడ పనిజేసె!"

యాదయ్య. పళ్ళన్నీ బయటపెట్టి. దుకాణంలో ఉన్న తెలుగువాళ్ళందరూ నా నడుము వైపు తిరిగారు.

సరే. నా డైరీ దగ్గర నాకు దాపరికం ఏమిటి? ఆదివారం జరిగింది ఇది. నేను లోపల మూలుగుతున్నాను. బయట వరస. లక్ష్మవ్వ వచ్చి నన్ను చూసి, బయటికి పోయి యాదయ్యనూ, అతని తోటివాడు రాములునూ పిలుచుకొచ్చింది. ఇద్దరూ చెరో రెక్కా పట్టి నన్ను చాప మీదికి ఈడ్చారు.

"ఇది దౌర్జన్యం!" అని అరిచాను.

"గా మాట మీటింగుల జెప్పుదువు గని, బోర్ల పండుకోయే అన్నా" అన్నాడు రాములు.

చాల్ మొత్తం నవ్వింది. లక్ష్మవ్వ ఒక్కతే నవ్వలేదు. నా భుజాలు గట్టిగా అదిమి పట్టుకుంది. మంగళ కాలు తగిలింది, ఒకటి, రెండు. మూడోదానికి నడుములో ముడి విడిచినట్టు టప్‌మన్నది. లేచి నిలబడ్డాను. నేనే నమ్మలేదు. చప్పట్లు కొట్టారు వెధవలు. యాదయ్య నా చెయ్యి పట్టుకుని వరండా చివరిదాకా నడిపించాడు, పెళ్ళికొడుకును నడిపించినట్టు.

ఇందులో మహత్తు ఏముంది? కండరం పట్టేసింది, ఎవరు నొక్కినా విడిచేదే. పడక, వేడి, లేపనం వాటి పని అప్పటికే పూర్తి చేశాయి. కాలు ఆఖర్న వచ్చి పేరు కొట్టేసింది. శాస్త్రం ఇలాగే ఉంటుంది, చప్పట్లు దానికి రావు.

29 జూన్, ఆదివారం

కరపత్రం పూర్తయింది. పేరు "మన కాళ్ళు, దొరల దిక్కులు". రైటూ లెఫ్టూ మొదలుకొని తల, మడమ, మంచానికి తప్పు పక్క దాకా దొరల బండారం ఒక వైపు, మన ఎదురుకాళ్ళ బండారం ఇంకో వైపు. తిట్టు ఒక పాలు ఎక్కువైందేమో, అవనీ.

ఒక పేరా దగ్గర కలం ఆగింది. మళ్ళీ రాశాను. "ఈ రచయిత నడుము పట్టేసినప్పుడు ఏ కాలినీ ఆశ్రయించలేదు. విశ్రాంతి, వేడి, లేపనం, ఈ మూడింటితోనే లేచి నిలబడ్డాడు."

ఇందులో అబద్ధం ఎక్కడుంది? నేను ఆశ్రయించలేదు. నన్ను ఈడ్చారు. లక్ష్యం పెద్దదైనప్పుడు చిన్న వివరం పట్టుకు వేలాడటం బూర్జువా అలవాటు.

ప్రూఫు నేనే చూశాను. ఒక్క అచ్చుతప్పు లేదు.

6 జూలై, ఆదివారం

నాకా మీద పంచాను. చాల్స్‌లో గడపగడపకూ ఇచ్చాను. వర్లి దాకా వెళ్ళాను. అక్కడి మన వాళ్ళు ఛాయ్ ఇచ్చారు, గిరణీల (బట్టల మిల్లుల) గురించి మాట్లాడారు, కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నారు.

13 జూలై, ఆదివారం

వరస తగ్గలేదు. పెరిగింది! మెట్లు దిగి గల్లీలోకి వచ్చింది. శాంతాబాయి, కింద కూరగాయలు అమ్ముకునే ఆమె, తన బుట్టలు జరుపుకుంటూ అడిగింది: "శంకర్‌భావూ, అది ఏం కాగితం పంచినవో గని, బేరం మస్తయింది నాకు. ఇంకో తాప పంచరాదు?"

అడిగితే తేలింది. కూలీలకు చదువు రాదు. కరపత్రం చదివి పెట్టమని వాళ్ళు అడిగింది ఎవరిని? మంగళను. వరండాలో నిలబెట్టి మొదటి నుంచి చివరి దాకా చదివించుకున్నారు. లేపనం దగ్గరికి వచ్చేసరికి పిల్ల ఆగిపోయిందట. మళ్ళీ మొదలుపెట్టి, గొంతు తగ్గించి చదివేసిందట. జనం పడీ పడీ నవ్వారట. శంకరన్న తన్నించుకున్నది దాచుకుంటున్నాడంటే ఆ కాలులో ఇంకెంత మహత్తు ఉండాలి, అన్నారట.

నేను మంగళ ముఖం చూడలేదు. అది కూడా నా ముఖం చూడలేదు. కంచం పెట్టి పోయింది.

18 జూలై

ఇవాళ కాదు. రేపు రాస్తాను.

19 జూలై

రాయాలి.

నిన్న మధ్యాహ్నం కుండపోత. ప్రెస్‌లోకి శాంతాబాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. "జల్దీ చల్ భావూ! మీ వరండా నిండ మనుషులు. మంగళ ఏడుస్తున్నది."

ఎలా వెళ్ళానో గుర్తులేదు. మెట్ల మీద మనుషులను తోసుకుంటూ ఎక్కాను. చాప లేదు. చాప ఉండే చోట పని సైటు నుంచి తెచ్చిన చెక్క పలక, దాని మీద యాదయ్య. వెల్లకిలా ఉన్నాడు. ముఖం మీద ఇసుక. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి నవ్వబోయాడు.

"అన్నా, కాళ్ళు లేవే. కాళ్ళున్నయి గని లేవు."

ఫాక్‌లాండ్ రోడ్డు మీద పాత బిల్డింగుకు రిపేరు. వెదురు పరంజా తడిసి జారుతుంటే కూడా ఎక్కించాడు ముకాదం, వాళ్ళ కూలిమేస్త్రీ. మూడో అంతస్తు నుంచి పడ్డాడు. దవాఖానకు పోతే పోలీసు కేసు అవుతుంది, పని ఆగుతుంది. అందుకని ఆ ముకాదం ఏమన్నాడో తెలుసా? "నడుమే గదా, ఆ ఎదురుకాళ్ళ పిల్ల తాన్కి తీస్కపోండ్రి. తన్నితే లేస్తడు." చేతిబండి కూడా వాడే ఇప్పించాడు!

రాములు యాదయ్యను బోర్లా తిప్పడానికి భుజం కింద చెయ్యి పెట్టాడు.

"ముట్టుకోవద్దు!" అని అరిచాను. "వెన్నెముక విరిగింది. తిప్పితే చచ్చిపోతాడు. దవాఖానకు తీసుకుపోండి. కాలితో తన్నడం, అదంతా వట్టిది!"

రాములు చెయ్యి తీయలేదు. తల తిప్పి నన్ను చూశాడు. ఆ చూపు నేను మరిచిపోను.

"వట్టిదా? నీ నడుము పట్టిన్నాడు నీ రెక్క పట్టింది నేను గాదా? కాయిదంల మందుతోని లేచిన్నని రాసుకున్నవు. గిప్పుడు నీ మాట ఎట్ల నమ్మాలె? మీ నడుములకు కాలు, కూలోని నడుముకు కాయిదమా?"

"రాములూ, అది వేరు..."

"నిజం జెప్పు అన్నా. ఇందరి ముంగట జెప్పు. గానాడు నీకు మందుతోని తగ్గిందా, కాలుతోనా?"

 వాన చప్పుడు. ముప్పై ఏళ్ళుగా వేదికల మీద మాట్లాడుతున్నాను. ఎదుటివాడు ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు కొట్టేవాణ్ణి. లేపనం అంటే ఒక్కడూ నమ్మడు. కాలు అంటే, వెంటనే తన్నిస్తారు. రెండు వైపులా గోడ. ఆ గోడ కట్టింది నేను.

"కాలుతోనే" అన్నాను. "కానీ వినండి, నాది కండరం, వీడిది ఎముక..."

"అగో!" అన్నారు ఎవరో. ఆ తరువాతి మాటలు ఎవరికీ వినపడలేదు.

మంగళ కటకటాలు పట్టుకుని గోడకు అంటుకుపోయి ఉంది. "నేను తన్న. నకో, వద్దు. నేను తన్న" అంటోంది. యాదయ్య పెళ్ళాం బాలమ్మ పాక్కుంటూ వచ్చి మంగళ ఎడమ పాదాన్ని రెండు చేతులా పట్టుకుంది. నెత్తికి తాకించుకుంది. "నా బొట్టు నీ కాలుల ఉన్నది బిడ్డా. ఒక్కపారి. మెల్లగ." అలా అంటూనే ఆ కాలిని మొగుడి వైపు లాగుతోంది. మంగళ ఒంటికాలి మీద, పడిపోతూ. రాములు యాదయ్యను పక్కకు ఒత్తిగిల్లించాడు. యాదయ్య గొంతులోంచి వచ్చిన శబ్దం మనిషిది కాదు.

అప్పుడు లక్ష్మవ్వ అరిచింది. నా చెల్లెలి గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

"ఇడువుండ్రి! అది కాళ్ళతోని పుట్టలే!"

అందరూ ఆగారు.

"నా బిడ్డ తలతోనే పుట్టింది. పేగు మెడల ఏసుకోని పుట్టింది. మా అన్న అప్పుడు సమ్మెల జేల్ల ఉండె. మేనమామకు గండమని తెలిస్తే మా అవ్వ నన్నూ దీన్నీ గడప ఎక్కనియ్యదు. ఆమెకు బతికిన కొడుకు ఆయనొక్కడే. గందుకని మంత్రసానిని కాళ్ళు మొక్కి బతిలాడి, ఎదురుకాళ్ళని జెప్పించిన. గా కాలుల ఏం లేదు. ఎన్నడు లేదు. ఇడువు బాలమ్మా."

బాలమ్మ చేతులు తీసేసింది. నిప్పు ముట్టుకున్నట్టు. తన అరచేతులు చూసుకుంది. తరువాత, నెమ్మదిగా, అందరూ నా వైపు తిరిగారు. గండం ఎవరికో ఆ మనిషిని చూస్తున్నట్టు.

నా మాటలతో, నా కరపత్రంతో, నా డిక్షనరీతో కదలనిది ఆ రెండు ముక్కలతో కదిలింది. రాములు యాదయ్యను మళ్ళీ వెల్లకిలా చేశాడు. "దవాఖానకు పట్టుండ్రి" అన్నాడు. పలక ఎత్తారు. ఒక కొస నేను పట్టాను. మెట్లు దిగాలంటే కాళ్ళ వైపు ముందు పెట్టక తప్పదు. రెండు మెట్లు దిగామో లేదో, వెనక నుంచి మంగళ కేక:

"నకో మామా! కాళ్ళు ముందు నకో! కాళ్ళు ముందు తీస్కపోకుండ్రి!"

అది ఎందుకు అలా అరుస్తోందో ఎవరికీ తెలియలేదు. నాకు తెలుసు.

21 జూలై

దవాఖాన. వెన్నుపూస రెండు చోట్ల విరిగింది. "పలక మీద పడుకోబెట్టి తేవాలని ఎవరు చెప్పారు, మంచి పని చేశారు" అన్నాడు డాక్టరు. ఎవరూ చెప్పలేదు. చేతికి అందింది అదే. దీని మీద ఒక దెబ్బ పడి ఉంటే ఏమయ్యేది, అని అడిగాను. డాక్టరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి పక్క మంచం దగ్గరికి పోయాడు.

ముకాదం మీద పోలీసుల దగ్గర ఫిర్యాదు రాసి ఇచ్చాను. ఇందులో ఒక్క మాట కూడా ఎక్కువ రాయలేదు.

యాదయ్య కుడి కాలి బొటనవేలిని గుండుసూదితో గుచ్చితే తెలుస్తోందట. బతుకుతాడు. నడుస్తాడో లేదో ఎవరూ చెప్పడం లేదు. బాలమ్మ నాతో మాట్లాడలేదు. ఛాయ్ తెచ్చి ఇస్తే తీసుకుంది.

23 జూలై

నాకు అనుమానం పట్టుకుంది. లక్ష్మవ్వ చెప్పింది నిజమా, లేక ఆ నిమిషంలో అల్లిందా? అల్లి ఉంటే నా చెల్లెలి ముందు నేను బడిపిల్లవాణ్ణి. మూఢనమ్మకాన్ని మూఢనమ్మకంతో కొట్టింది. నిజమైతే... నిజమైతే ఏమిటో నేను ఆలోచించలేకపోతున్నాను. మంత్రసాని పోయింది. అవ్వ పోయింది. అడగడానికి ఇంకెవరూ లేరు.

బియ్యం ఏరుతుంటే అడిగాను.

"లక్ష్మీ, అది నిజమేనా?"

తల ఎత్తలేదు. "నువ్వు లేపనంతోని లేచినవని రాసినప్పుడు, నిజమేనా అని నిన్ను నేనడిగిన్నా?"

చేటలోంచి రెండు రాళ్ళు ఏరి పారేశాను. 

"పోనీ, కాలులో ఏమీ లేదని తెలిసి నన్నెందుకు తన్నించావు?"

"అందరికీ తగ్గుతుండె గదా. నీకూ తగ్గుతదేమో అనుకున్న." చేట పక్కన పెట్టింది. "తగ్గింది గదా?"

నాకు నవ్వు వచ్చింది. దానికి రాలేదు.

24 జూలై

మిగిలిన కరపత్రాలు ప్రెస్‌లో చెత్త కాగితాల మీద పడేశాను. "హెడ్ ఓవర్ హీల్స్" పేరా ఒక్కటి మళ్ళీ చదివాను. తప్పు వందల ఏళ్ళు నిలబడిందని అంత ఎగిరిపడ్డాను గదా. మా ఇంట్లో నా కళ్ళ ముందే ఒక పిల్ల తల కాళ్ళయి, పదిహేడేళ్ళు అలాగే నడిచింది. ప్రూఫు చూసేవాణ్ణి ఆ ఖోలీలోనే పడుకునేవాణ్ణి.

27 జూలై, ఆదివారం

ఇవాళ ఎవరూ రాలేదు. చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. వరండాలో గాలి ఆడుతోంది. శాంతాబాయి కింద నుంచి, "బేరం పోయె బాబా" అని ఒకసారి అరిచి ఊరుకుంది.

మంగళ గడప దగ్గర కూర్చుని తన ఎడమ పాదాన్ని చూసుకుంటోంది. చాలాసేపటి నుంచి.

"మామా, గిప్పుడు నేనేం? తలనా, కాళ్ళా?"

దేనికైనా జవాబు ఉండే మనిషిని. "నాకు తెలియదమ్మా" అన్నాను.

"నాకు ఎట్లనో ఉన్నది. తన్నినంక వాళ్ళకు దండం పెట్టుకునేదాన్ని, లోపట్లనే. మా నాయనంత పెద్దోళ్ళు గదా. వాళ్ళు నాకు పెట్టేటోళ్ళు, నేను వాళ్ళకు పెట్టేదాన్ని. ఇగ లేదు."

ఇది నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఆ పిల్ల కాలినే చూశాను.

అప్పుడు లక్ష్మవ్వ లేచి తలుపు వేసింది.

మా చాల్‌లో పగలు తలుపు వెయ్యరు. వేస్తే పక్కవాళ్ళు వచ్చి ఏమైందని కొడతారు. వేసి, గడియ కూడా పెట్టింది. గూట్లోంచి ఇత్తడి గిన్నె తీసింది. నూనె సీసా వంచి నిండా పోసింది. గిన్నె తెచ్చి నా ముందు నేల మీద పెట్టింది. మంగళను అటువైపు కూర్చోబెట్టింది.

"ఒక్కపారి జూడన్నా."

నా గొంతులో ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉంది. మొదటి వాక్యం నాలుక మీదికి వచ్చేసింది. అప్పుడు గడియ వైపు చూశాను.

వరండాలో చెప్పింది అబద్ధమై, దాన్ని నలుగురి చేత నమ్మించాలంటే, ఈ గిన్నె వరండాలో పెట్టేది. రాజమల్లు పెట్టినట్టు. అందరూ చూసేలా. తలుపు వేసి ఆడే నాటకం ఉండదు.

పదిహేడేళ్ళు. నేను లాఠీ తిని వచ్చిన రోజు, మలేరియాతో దవాఖానలో పడి ఉన్న నెల, నడుము పట్టి మూలుగుతున్న ఆదివారం. ప్రతిసారీ లక్ష్మి నన్ను ఒకసారీ, కన్నబిడ్డను ఒకసారీ చూసి ఉంటుంది. రెండు ముద్దలూ ఒకే కుండలోంచి పెడుతూ. రాజమల్లును ఎగతాళి చేస్తున్న నా చొక్కా పట్టుకుని లాగిన ఆ చెయ్యి. నా నోటికి భయపడుతోంది అని రాసుకున్నాను ఇదే డైరీలో.

గిన్నె దగ్గరికి జరిగాను. వంగాను.

ముందు నా ముఖమే కనబడింది, గడ్డం మాసి, ముసలిగా. మంగళ ఎదురుగా వంగింది. ఎదుట కూర్చున్న మనిషి నూనెలో తలకిందులుగా కనబడుతుంది. నుదురు కింద, గడ్డం పైన. ఎలా పుట్టిందో ఆ గిన్నె కూడా చెప్పలేదు. పిల్ల నన్ను చూసి నవ్వు ఆపుకోలేక ఫక్కుమన్నది. నూనె వణికి ముఖాలు రెండూ కలిసిపోయాయి.

"జూసినవా?" అంది లక్ష్మవ్వ.

"చూశాను."

"మంచిగ జూసినవా?"

"మంచిగా చూశాను లక్ష్మీ."

అది గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఊపిరి వదిలింది. అంత పొడుగు ఊపిరి ఒక మనిషిలో ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలియదు.

తలుపు కొట్టారు. మంగళ గిన్నె తీసి పొయ్యి వెనక పెట్టింది. లక్ష్మవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని గడియ తీసింది. చంకలో ఇంగ్లీషు పేపరుతో రాజమల్లు.

"ఏమాయెనే లక్ష్మక్కా, పట్టపగలు తలుపేసిండ్రు?"

"ఏం లేదు. పప్పు మాడింది, పొగ."

రాజమల్లు ముక్కు ఎగబీల్చాడు. వాసన లేదు. నా వైపు చూశాడు. ఈ చాల్‌లో నిజం మాట్లాడే మనిషిని నేనేనని ఇంకా ఎక్కడో నమ్ముతున్నట్టు.

"అవును" అన్నాను. "మాడిపోయింది."